చౌక ఎవరికి? సెల్‌ఫోను రేట్లు – కూలి లెక్క

మన దేశంలో సెల్‌ఫోను రేట్లు ప్రపంచంలోకెల్లా చౌక అని పాలకులు చెబుతున్నారు. కంపెనీల పెద్దలూ అదే చెబుతున్నారు. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒక్కసారిగా రేట్లు పెంచినప్పుడు విమర్శలు వచ్చాయి. వాటికి జవాబుగా కేంద్ర ప్రభుత్వం ఒక పట్టిక విడుదల చేసింది. అమెరికాలో ఇంత, చైనాలో ఇంత, మన దగ్గర ఇంతే అని చూపించి, ఇక మాట్లాడటానికి ఏముంది అన్నట్టు ఊరుకుంది.

ఆ పట్టికలో అంకెలు అబద్ధమని మేం అనడం లేదు. ఏ కుంచంతో కొలిచారన్నదే మా ప్రశ్న. డాలర్లతో కొలిస్తే మన రేట్లు చౌకే. ఒక జీబీ నెట్‌కు ఎంత అని కొలిస్తే మరీ చౌక. కానీ కూలికి పోయే మనిషి తన ఫోను మూగబోకుండా చూసుకోవడానికి ఎన్ని గంటలు నడుం వంచాలి అని కొలిస్తే లెక్క తిరగబడుతుంది. ఆ కొలతతోనే కంపెనీలను, దేశాలను పోల్చి చూద్దాం.

49 నుంచి 199కి

2021 జూలై దాకా ఎయిర్‌టెల్‌లో 49 రూపాయలు వేయిస్తే 28 రోజులు ఫోను పనిచేసేది. ఆ నెలాఖరులో ఆ ప్యాక్ ఎత్తేసి 79 చేశారు. నవంబరులో అది 99 అయింది. 2023 జనవరిలో మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో 99 కూడా తీసేసి 155 పెట్టారు. (కంపెనీల లెక్కలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఒకే సర్కిల్ కింద ఉన్నాయి.) ఆ 155 కూడా 24 రోజులకే. 28 రోజులు కావాలంటే 179. 2024 జూలైలో ఆ 179 కాస్తా 199కి చేరింది. మూడేళ్లలో నాలుగింతలు!

ఇదే మూడేళ్లలో మన కూలి ఎంత పెరిగింది? ఒక్కో ఊళ్లో ఒక్కో రేటు కనుక, ఎవరూ కాదనలేని అంకె తీసుకుందాం. ఉపాధి హామీ పనికి కేంద్రం ప్రకటించిన రోజుకూలి రెండు తెలుగు రాష్ట్రాల్లో 2021-22లో 245 రూపాయలు. 2024-25లో 300 రూపాయలు. 2025-26కు 307. నాట్లకు, మిరప కోతలకు ఇంతకంటే ఎక్కువ గిట్టే రోజులు ఉన్నమాట నిజమే. కానీ అవి ఏడాదిలో కొద్ది రోజులే. ఖాళీగా కూర్చునే రోజుల్లో కూడా ఫోను గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. 2021లో నెల రీచార్జి అంటే రోజుకూలిలో ఐదో వంతు. ఎనిమిది గంటల పని లెక్కన గంటన్నర పైచిలుకు కష్టం. 2024లో అదే రీచార్జి రోజుకూలిలో మూడింట రెండు వంతులు. అంటే ఐదు గంటల పైచిలుకు కష్టం. కూలి నూటికి 22 పెరిగితే, ఫోను నూటికి 300 పెరిగింది.

అప్పుడు ఇచ్చినదానికీ ఇప్పుడు ఇచ్చేదానికీ తేడా లేదా అంటే, ఉంది. 49 రూపాయల ప్యాక్‌లో మాటలకు హద్దు ఉండేది. 199లో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, 2 జీబీ నెట్ కూడా ఇస్తారు. ఎక్కువ ఇస్తున్నాం కాబట్టి ఎక్కువ తీసుకుంటున్నాం అని కంపెనీలు అంటాయి. కానీ ఆ ఎక్కువ కావాలని అడిగిందెవరు? బటన్ ఫోనులో నెట్ ఏం చేసుకోవాలి? హోటల్లో టీ అడిగినవాడికి టిఫిను కూడా పెట్టి, రెండింటికీ డబ్బు కట్టందే బయటికి పోనివ్వకపోతే దాన్ని చౌక అంటామా?

మరో సంగతి మర్చిపోకూడదు. 2003 మే 1 నుంచి మన దేశంలో వచ్చే కాల్‌కు డబ్బు లేదన్నారు. చేసేవాడే కట్టాలి, అందుకునేవాడు కట్టనక్కర్లేదు అన్నది నియమం. ఆ నియమం వల్లనే సెల్లు కూలిపేటల్లోకి వచ్చింది. జేబులో డబ్బు లేకపోయినా మిస్డ్ కాల్ ఇచ్చి పని నడిపించుకున్నాం. 2018 చివర్లో ప్రైవేటు కంపెనీలు నెలకు కనీసం 35 రూపాయలు వేయించాలని, లేకుంటే వచ్చే కాల్స్ కూడా ఆపేస్తామని షరతు పెట్టాయి. వచ్చే కాల్ ఉచితం అన్న మాటను ఆ విధంగా దొడ్డిదారిన వెనక్కి తీసుకున్నారు. ఆ 35 రూపాయల వాకిలి గుండా వచ్చిందే ఈ 199.

ఫోను విలాసమా?

"డబ్బు లేకపోతే ఫోను మానుకోవచ్చు గదా, సినిమాలు చూడటానికే గదా" అని ఊళ్లో పెద్దమనుషులు అంటూ ఉంటారు. పిల్లలు వీడియోలు చూస్తున్న మాట నిజమే. పెద్దమనుషుల పిల్లలూ చూస్తున్నారు. అసలు సంగతి అది కాదు.

ఈ రోజున కూలి పని ఫోను మీద నడుస్తున్నది. రేపు ఏ చేలో ఎంతమంది కావాలో ముఠా మేస్త్రి రాత్రి ఫోను చేసి చెబుతాడు. ఆ ఫోను అందని ఇంటివాళ్లు పొద్దున్నే ఆటో వెళ్లిపోయాక తెలుసుకుంటారు. మిరప కోతలకు జిల్లా దాటి పోయినవాళ్లకు ఇంటి దగ్గర ముసలివాళ్ల క్షేమం తెలియాలంటే ఫోనే దిక్కు.

పోనీ అది మన సొంత అవసరమే అనుకుందాం. సర్కారు పెట్టిన అవసరం మాటేమిటి? ఉపాధి హామీ పనిచోట హాజరు ఫోనులో యాప్ ద్వారా రోజుకు రెండుసార్లు ఫొటో తీసి పంపాలని 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. ఆ ఫోను ఎవరిది? మేటుది. ఆ నెట్ ఖర్చు ఎవరిది? అదీ మేటుదే. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బులు ఆధార్‌తో ముడిపెట్టిన ఖాతాకే వేస్తామన్నారు. ఆ ఉపాధి చట్టం స్థానే 2025 డిసెంబరులో పార్లమెంటు 125 రోజుల పేరుతో మరో చట్టం చేసింది. చట్టం పేరు మారినా, బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, కౌలు రైతుకు రావలసిన సాయానికి, పింఛనుకు ఎక్కడికి పోయినా అడిగేది ఒక్కటే: "ఫోను నంబరు చెప్పు, ఓటీపీ వచ్చిందా?"

అంటే ఆ పదంకెల నంబరు రేషను కార్డు మాదిరి ఒక గుర్తింపు పత్రం అయిపోయింది. తేడా ఏమిటంటే, రేషను కార్డును 28 రోజులకోసారి డబ్బు కట్టి బతికించుకోనక్కర్లేదు. నంబరును కట్టి బతికించుకోవాలి. ఎక్కువ కాలం వాడకపోతే ఆ నంబరు తీసేసి మరొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు మన ఖాతాకు వచ్చే ఓటీపీ ఎవరి ఫోనుకు పోతుంది? కొత్త నంబరు ఆధార్‌కు ఎక్కించుకోవడానికి మళ్లీ ఎన్ని రోజుల పని పోగొట్టుకోవాలి?

మూడు కంపెనీలు, ఒకటే ధర

"ఒక కంపెనీ నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారండి, అదే పోటీ" అని చెబుతారు. పోటీ సంగతి చూద్దాం. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. జూన్ 27న జియో పెంపు ప్రకటించింది. మర్నాడు ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కూడా ప్రకటించాయి. జూలై 3, 4 తేదీల్లో మూడూ అమల్లోకి వచ్చాయి. 28 రోజుల అడుగు ప్యాక్ జియోలో 155 నుంచి 189కి, ఎయిర్‌టెల్‌లో 179 నుంచి 199కి, వొడాఫోన్ ఐడియాలోనూ 179 నుంచి 199కి. సంతలో మూడు దుకాణాలు ఒకే వారంలో ఒకే తీరున ధర పెంచితే దాన్ని బేరం అంటామా, కట్టు అంటామా?

ఒకప్పుడు ఈ సంతలో డజనుకు పైగా దుకాణాలు ఉండేవి. 1995 జూలై 31న మన దేశంలో మొదటి సెల్‌ఫోను కాల్ కలకత్తా నుంచి ఢిల్లీకి పోయినప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. కంపెనీలు పెరిగేకొద్దీ, ప్రభుత్వ రంగంలోని బీఎస్‌ఎన్‌ఎల్ 2002లో సెల్‌ఫోను సేవలు మొదలుపెట్టాక, ధర దిగుతూ వచ్చింది. 2009లో సెకనుకు ఒక పైసా దాకా దిగింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి 2017 మార్చి దాకా అంతా ఉచితం అన్నది. జనం సంతోషించారు. సంతోషించడంలో తప్పు లేదు. కానీ ఆ ఉచితం దెబ్బకు చిన్న కంపెనీలు వరసగా కుప్పకూలాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర్లో సెల్‌ఫోను కాల్స్ వ్యాపారం మూసేసింది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. టెలినార్, టాటా వాళ్ల వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. 2018 ఆగస్టులో వొడాఫోన్, ఐడియా ఒకటయ్యాయి. దుకాణాలు తగ్గాక ధర ఎక్కడం మొదలైంది: 2019 డిసెంబరులో, 2021 నవంబరులో, 2024 జూలైలో. గింజలు చల్లి పిట్టలను పట్టే పద్ధతి పల్లెలో పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ధరలు కట్టడి చేయడానికి ట్రాయ్ అనే నియంత్రణ సంస్థ 1997 నుంచి ఉంది. అయితే సెల్‌ఫోను రేట్లను కంపెనీలే నిర్ణయించుకుని, తర్వాత తనకు తెలియజేస్తే చాలు అన్నది దాని విధానం. కాపలాదారు కొలువులో ఉన్నాడు గాని, దొడ్డి తలుపు తాళం దొంగ చేతికే ఇచ్చాడు.

28 రోజుల కిటుకు కూడా చూడండి. ఏడాదికి నెలలు 12. కానీ 28 రోజుల చొప్పున రీచార్జులు 13. నెల జీతగాడికి పన్నెండు జీతాలొస్తే ఫోనుకు పదమూడు నెలలు కట్టాలి. దీని మీద గొడవ జరిగాక, 30 రోజుల ప్యాక్ ఒకటైనా ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. ఒకటైనా అన్నారు గనుక ఒకటే పెట్టారు. 28 రోజుల ఆట సాగుతూనే ఉంది.

199 చొప్పున 13 సార్లు అంటే ఏడాదికి 2,587 రూపాయలు. రోజుకు 300 కూలి లెక్కన తొమ్మిది రోజుల కష్టం. ఇంట్లో మూడు ఫోనులుంటే 7,761 రూపాయలు, దాదాపు 26 రోజుల కష్టం. వంద రోజుల ఉపాధి పనిలో పావు వంతు ఫోనులకే చెల్లు!

సోలతో కొనేవాడికి ఒక ధర, పుట్టితో కొనేవాడికి ఒక ధర

ఒకే కంపెనీలో రెండు ప్యాక్‌లు పోల్చి చూద్దాం. 2024 జూలై రేట్ల ప్రకారం ఎయిర్‌టెల్‌లో 199 కడితే 28 రోజులకు 2 జీబీ. 859 కడితే 84 రోజులకు రోజుకు ఒకటిన్నర జీబీ చొప్పున మొత్తం 126 జీబీ. మాటలు రెండింటిలోనూ అపరిమితమే. మొత్తం డబ్బును నెట్‌కే పంచి చూస్తే పేదవాడికి జీబీ దాదాపు 100 రూపాయలు పడింది. ఉన్నవాడికి ఏడు రూపాయల లోపే. ప్రపంచంలోకెల్లా చౌక అని చెప్పే జీబీ ధర ఎవరిదో ఇప్పుడు తెలిసింది గదా! సగటు తీసేటప్పుడు ఆ ఏడు రూపాయలవాడే త్రాసును కిందికి లాగుతాడు. పేరు మాత్రం దేశమంతటికీ వస్తుంది.

బటన్ ఫోనువాళ్లకు నెట్ అంటగట్టడం మీద ఫిర్యాదులు పోగా పోగా, 2024 డిసెంబరులో ట్రాయ్ కదిలింది. మాటలకూ సందేశాలకూ మాత్రమే వేరే ప్యాక్ పెట్టాలని ఆదేశించింది. 2025 జనవరిలో కంపెనీలు ఆ ప్యాక్‌లు తెచ్చాయి. ఎయిర్‌టెల్ మొదట 84 రోజులకు 499 అన్నది. జియో 458 అన్నది. ఇదేం తగ్గింపు అని విమర్శలు వచ్చి, ట్రాయ్ కూడా ఈ రేట్లు పరిశీలిస్తామన్నాక 469కి, 448కి దింపారు. అడిగితే దిగుతుంది అనడానికి ఇదొక రుజువు. కానీ ఇందులో ఇంకో మెలిక ఉంది. 448ని 28 రోజులకు పంచితే 149 పడుతుంది. బాగానే ఉంది. అయితే అది నెలకు అమ్మరు. 84 రోజుల డబ్బు ఒక్కసారే కట్టాలి. ఒకటిన్నర రోజుల కూలి ఒక్కసారిగా ఫోనుకు తీసి పెట్టగలిగే ఇల్లు కూలిపేటలో ఎన్ని? సోలెడు నూనె కొనుక్కునే మనిషికి డబ్బా కొంటేనే చౌక అని చెప్పడం లాంటిదే ఇదీ.

డాలర్ల లెక్క, గంటల లెక్క

ఇక దేశాల సంగతి. 140 నిమిషాల మాటలు, 70 సందేశాలు, 2 జీబీ నెట్ కలిపి నెలకు కనీసం ఎంత అన్నది ప్రభుత్వం 2024 జూలైలో ఇచ్చిన పట్టిక. 2023 నాటి లెక్క. అమెరికాలో 49 డాలర్లు, దక్షిణాఫ్రికాలో 15.8, బ్రిటన్‌లో 12.5, చైనాలో 8.84, బంగ్లాదేశ్‌లో 3.24, నేపాల్‌లో 2.75, మన దేశంలో 1.89, పాకిస్తాన్‌లో 1.39. చౌకలో మనం మొదటివాళ్లం కాదని ప్రభుత్వ పట్టికే చెబుతోంది. పైగా మన 1.89 డాలర్లు పెంపుకు ముందు మాట. పెంచిన తర్వాత 199 రూపాయలు అంటే అప్పటి మారకం రేటున దాదాపు 2.40 డాలర్లు.

ఇప్పుడు డాలర్లు పక్కనబెట్టి గంటలు లెక్కపెడదాం. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్‌లో పెద్దవాళ్లకు చట్టబద్ధ కనీస వేతనం గంటకు 11.44 పౌండ్లు అయింది. 12.5 డాలర్లు అంటే పది పౌండ్ల లోపే. అంటే అక్కడ కనీస వేతనానికి పనిచేసే మనిషికి నెల ఫోను గంట లోపు కష్టం. మన కూలికి ఐదు గంటల పైచిలుకు. ఆరింతల చౌక అన్నది కాస్తా ఐదింతల ఖరీదు అయి కూర్చున్నది.

అమెరికా మాత్రం మనకు ఆదర్శమేమీ కాదు. అక్కడ జాతీయ కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 49 డాలర్లు అంటే ఆ వేతనం మీద దాదాపు ఏడు గంటలు. 2020లో అక్కడా రెండు పెద్ద కంపెనీలు కలిసిపోయి నాలుగు మూడయ్యాయి. అయినా అంతటి పెట్టుబడిదారీ దేశంలో కూడా పేదల ఫోను బిల్లులో నెలకు 9.25 డాలర్లు తగ్గించే 'లైఫ్‌లైన్' పథకం ఉంది. 1985లో మొదలైంది. మార్కెట్టే అన్నీ చూసుకుంటుందని మనకు పాఠం చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో ఒక లక్ష్యం పెట్టింది. వర్ధమాన దేశాల్లో 2025 నాటికి కనీస ఇంటర్నెట్ ఖర్చు నెలసరి తలసరి ఆదాయంలో 2 శాతం మించకూడదన్నది ఆ లక్ష్యం. తలసరి అంటే షావుకారు ఆదాయం, కూలివాని ఆదాయం కలిపి తీసిన సగటు. ఆ సగటుతో మన దేశం పాసైపోతుంది. మన లెక్క వేసి చూడండి. నెలలో 15 రోజులు 300 చొప్పున పని దొరికితే 4,500 రూపాయలు. అందులో 2 శాతం 90 రూపాయలు. ఫోను ఖర్చు 199. లక్ష్యానికి రెండింతలు దాటిపోయింది. అదీ ఒక్క ఫోనుకే.

ఫ్రాన్సు, దక్షిణాఫ్రికా, గల్ఫ్

ధర దానంతటదే పెరగదు, దానంతటదే తగ్గదు. దీనికి రెండు దేశాల అనుభవం చాలు.

ఫ్రాన్సులో చాలాకాలం మూడే కంపెనీలు రాజ్యమేలాయి. 2012 జనవరిలో ఫ్రీ మొబైల్ అనే నాలుగో కంపెనీ వచ్చి నెలకు 2 యూరోల ప్యాక్ పెట్టింది. మొదట 60 నిమిషాలు మాట్లాడుకోనిచ్చారు, తర్వాత 120 చేశారు. నెట్ నామమాత్రమే గాని, మాటలకు చాలు. పన్నెండేళ్లు గడిచినా, 2024లో కూడా ఆ ధర 2 యూరోలే. అక్కడ 2024 నవంబరులో గంటకు కనీస వేతనం 11.88 యూరోలు అయింది. అంటే పది నిమిషాల పని! పాత కంపెనీలు గగ్గోలు పెట్టి, చివరకు తామూ ధరలు దించుకున్నాయి.

దక్షిణాఫ్రికా పాఠం మనకు ఇంకా దగ్గరిది. అక్కడ నెట్ ధరలు దిగాలని 2016 నుంచి జనం ఆందోళన చేశారు. అక్కడి పోటీ కమిషన్ విచారణ జరిపి 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. రెండు పెద్ద కంపెనీల ధరలు అతిగా ఉన్నాయని, చిన్న ప్యాక్ కొనేవాడి దగ్గర ఎక్కువ రేటు గుంజడం పేదలకు వ్యతిరేకమైన పద్ధతని అందులో తేల్చి చెప్పింది. దాని ఫలితంగా 2020 ఏప్రిల్ 1 నుంచి వొడాకామ్ 30 రోజుల ఒక జీబీ ప్యాక్‌ను 149 ర్యాండ్ల నుంచి 99కి దించింది. 2020లో అక్కడి వ్యవసాయ కార్మికుల కనీస వేతనం గంటకు 18.68 ర్యాండ్లు. ఎనిమిది గంటల కష్టం ఐదు గంటల పైచిలుకుకు దిగింది. ఇంకా ఎక్కువే. కానీ దిగింది. ఏ కంపెనీ దయతోనూ దిగలేదు.

దీనికి తారుమారు ఉదాహరణ మన గల్ఫ్ సోదరులకు తెలుసు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వలస పోయినవాళ్లు ఎందరో అక్కడ ఉన్నారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో రెండే టెలిఫోను కంపెనీలు. రెండింటిలోనూ ప్రభుత్వ వాటా పెద్దది. మామూలు వాట్సాప్ కాల్‌ను కూడా అక్కడ ఏళ్ల తరబడి అడ్డుకున్నారు. ఇంటికి ఫోను చేయాలంటే వాళ్లు ఒప్పుకున్న దారినే చేయాలి. ప్రభుత్వ వాటా ఉన్నంత మాత్రాన జనానికి మేలు జరగదు. గట్టిగా అడిగే హక్కు, అడిగే జనం ఉండాలి.

మన బీఎస్‌ఎన్‌ఎల్ సంగతి

అడిగే హక్కు ఉన్న మన దేశంలో ప్రభుత్వ కంపెనీ ఏమైంది? 2000 అక్టోబరు 1న బీఎస్‌ఎన్‌ఎల్ ఏర్పడింది. ప్రైవేటు కంపెనీలు 4జీ నడుపుతున్న కాలమంతా దానికి 4జీ లేకుండా ఉంచారు. 2020 జనవరి 31న స్వచ్ఛంద విరమణ పేరుతో దాదాపు 78 వేల మంది ఉద్యోగులను ఒక్కరోజునే ఇంటికి పంపారు. ఇంత జరిగినా 2024 జూలైలో ప్రైవేటు రేట్లు పెరగ్గానే జనం దాని వైపే పరుగెత్తారు. ట్రాయ్ లెక్కల ప్రకారం ఆ ఒక్క నెలలో బీఎస్‌ఎన్‌ఎల్‌కు 29 లక్షల మందికి పైగా చేరారు. మూడు ప్రైవేటు కంపెనీలూ కలిపి 38 లక్షల మందిని పోగొట్టుకున్నాయి. ఆగస్టులో మరో 25 లక్షల మంది చేరారు. అయితే సిగ్నల్ సరిగా లేక ఆ ఊపు నిలవలేదు. నవంబరు నాటికి మళ్లీ తగ్గడం మొదలైంది.

2025 సెప్టెంబరు 27న బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని ప్రధాని ప్రారంభించారు. మంచిదే. కానీ అదే సంవత్సరం ఆ కంపెనీ కొన్ని చిన్న ప్యాక్‌ల గడువు రోజులు కోసేసింది. ధర పెంచకుండానే పెంచడం అంటే ఇదే. ప్రైవేటువాళ్లకు ముకుతాడు వేయవలసిన ప్రభుత్వ కంపెనీ వాళ్ల అడుగుజాడల్లో నడిస్తే ఇక ఎవరిని చూసి వాళ్లు భయపడతారు?

కంపెనీల వాదన

స్పెక్ట్రంకు వేల కోట్లు కట్టాం, టవర్లు వేశాం, అప్పుల్లో ఉన్నాం అని కంపెనీలు అంటాయి. టవరు ఉత్తినే నిలబడదని మాకూ తెలుసు. కానీ లెక్కలు ఏమంటున్నాయి? ఒక్కో చందాదారు నుంచి ఎయిర్‌టెల్‌కు నెలకు వచ్చే సగటు రాబడి 2021 ఏప్రిల్–జూన్‌లో 146 రూపాయలు. 2025 ఏప్రిల్–జూన్‌లో 250. జియోకు అదే కాలంలో 138 నుంచి 208 దాటింది. 300 చేరాలన్నది తమ కోరిక అని ఎయిర్‌టెల్ అధిపతి బహిరంగంగానే చెప్పారు.

నిజంగా అప్పుల్లో ఉన్నది వొడాఫోన్ ఐడియా. దాని బాకీని ప్రభుత్వం ఏం చేసింది? 2023లో 16,133 కోట్లు, 2025లో 36,950 కోట్లు వాటాలుగా మార్చుకుంది. కంపెనీ బాకీ పడితే ఇంత ఓపిక! కూలివాడు 199 బాకీ పడితే 28వ రోజు రాత్రికి ఫోను మూగబోతుంది. ఆ మార్పుతో ఆ కంపెనీలో దాదాపు 49 శాతం వాటా ప్రభుత్వానిదే అయింది. సొంత వాటా అంత ఉంచుకుని, ధరలు మా చేతుల్లో లేవు, మార్కెట్ చేతుల్లో ఉన్నాయి అనడం ఎవరిని మభ్యపెట్టడానికి?

పైగా ప్రతి రీచార్జి మీద నూటికి 18 జీఎస్టీ. 199లో దాదాపు 30 రూపాయలు పన్నే. బటన్ ఫోను ముసలమ్మకూ బంగళా యజమానికీ ఒకటే పన్ను.

మనం చేయవలసింది

మొదట మన చేతిలో ఉన్నవి చెప్పుకుందాం. కంపెనీ మారాలంటే నంబరు పోదు. 'పోర్ట్' అని టైపు చేసి, పక్కన మన నంబరు వేసి 1900కు సందేశం పంపితే కోడ్ వస్తుంది. మన సర్కిల్లో అది నాలుగు రోజులు పనిచేస్తుంది. ఎంత చిన్న ప్యాక్ ఉన్నా ఈ సందేశం పోనివ్వాలని ట్రాయ్ 2021 డిసెంబరులోనే ఆదేశించింది. దుకాణదారు కుదరదంటే నమ్మవద్దు. అయితే మారేముందు మన పేటలో, మనం పనికి పోయే చేలల్లో ఏ టవరు అందుతుందో చూసుకుని మారాలి. ఇంకోటి: 90 రోజులు వాడకపోయినా సిమ్ములో 20 రూపాయల నిల్వ ఉంటే, దాన్ని మినహాయించుకుని మరో 30 రోజులు నంబరు ఉంచాలన్న నియమం 2013 నుంచి ఉంది. వలస పోయేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇవి ఇంటింటి జాగ్రత్తలు. వీటితో రేటు దిగదు. రేటు దిగాలంటే నలుగురం కలిసి అడగాలి. కూలిరేట్ల మీద, ఇళ్ల స్థలాల మీద తీర్మానాలు చేసినట్టే దీని మీదా గ్రామ సంఘాలు తీర్మానాలు చేయాలి. మేం ప్రతిపాదిస్తున్నవి ఇవి:

1. మాటలకు, సందేశాలకు మాత్రమే పనికొచ్చే ప్యాక్‌ను అన్ని కంపెనీలూ నెలకు 90 రూపాయల లోపు అమ్మాలి. 84 రోజులది కాదు, నెలది.

2. రీచార్జి అయిపోయినా 90 రోజుల దాకా వచ్చే కాల్స్, ఓటీపీ సందేశాలు ఆపకూడదు. సర్కారే ఆ నంబరు అడుగుతున్నప్పుడు అది మూగబోకుండా చూసే పూచీ సర్కారుదే.

3. అడుగు ప్యాక్ మీద జీఎస్టీ ఎత్తేయాలి.

4. ప్రభుత్వ పనికి ఫోనులో హాజరు వేయించేటప్పుడు ఫోను ఖర్చు, నెట్ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. మేటు మెడకు చుట్టకూడదు.

5. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ టవర్లు పల్లెలకు, తండాలకు ముందు రావాలి. దాని చిన్న ప్యాక్‌ల గడువు కోయడం మానాలి.

6. అడుగు ప్యాక్ ధరకు ట్రాయ్ గరిష్ఠ హద్దు నిర్ణయించాలి.

కార్యకర్తలు ఒక పని వెంటనే మొదలుపెట్టవచ్చు. ప్రతి పేటలో ఇంటింటికీ పోయి ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసుకోండి: ఇంట్లో ఎన్ని ఫోనులు, ఏ కంపెనీ, పోయిన నెల ఎంత వేయించారు, ఎన్ని రోజులు ఫోను ఆగిపోయింది. ఐదో గడిలో ఆ నెల ఎన్ని రోజులు పని దొరికిందో రాయండి. ట్రాయ్ ఏ మార్పు చేసినా ముందు జనం అభిప్రాయాలు అడుగుతుంది. ఇంతకాలం ఆ అడిగినదానికి కంపెనీల వకీళ్లే సంపుటాలకు సంపుటాలు జవాబులు రాస్తూ వచ్చారు. కూలిపేటల లెక్క కూడా ఆ బల్ల మీదికి చేరాలి.

ప్రపంచంలోకెల్లా చౌక అని ఇకమీదట ఎవరైనా అంటే, ఎన్ని డాలర్లు అని అడగవద్దు. ఎన్ని గంటల కూలి అని అడగండి.